స్టీమ్ ఇంకా దుకాణమేనా? రేపు దాని నడవడి మారితే మన చేతిలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: నీలిమేఘం

అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్లుగా పీసీలో గేమ్‌లు ఆడుతున్నాను. కొన్న ఆటలన్నీ దాదాపు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోనే ఉన్నాయి. ఈ మధ్య స్టీమ్ డెక్ అనే, చేతిలో పట్టుకుని ఆడే కంప్యూటర్ కొందామని దాని వివరాలు చదువుతుండగా ఒక ఆలోచన వచ్చి ఇక వదలడం లేదు. ఆట కొనే చోటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఆటలో ఎక్కడిదాకా వచ్చానో గుర్తుంచే నా సేవ్‌లు దాచే సర్వర్, స్నేహితుల జాబితా, చేతిలో పట్టుకునే కంప్యూటర్, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్, ఇవన్నీ ఇప్పుడు ఒకే సంస్థవి.

2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్‌ను విడుదల చేసినప్పుడు దాని ముఖ్యమైన పని కౌంటర్-స్ట్రైక్ వంటి తన సొంత ఆటలకు అప్‌డేట్లు అందించడమే. 2004 నవంబరులో హాఫ్-లైఫ్ 2 వచ్చాక, డిస్కు కొన్నవారు కూడా స్టీమ్ ఖాతా తెరవక తప్పలేదు. 2005లో బయటి సంస్థల ఆటలు అమ్మడం మొదలైంది. 2007లో స్నేహితుల జాబితాలు, గ్రూపులు ఉన్న కమ్యూనిటీ వచ్చింది, 2008లో క్లౌడ్ సేవ్‌లు, 2011లో మోడ్‌ల (ఆటగాళ్లు ఆటకు చేసే మార్పులు, చేర్పుల) కోసం వర్క్‌షాప్, 2012 చివర్లో ఆటల్లోని వస్తువులను ఆటగాళ్లే కొని అమ్ముకునే మార్కెట్, 2022లో స్టీమ్ డెక్ వచ్చాయి. 2025 నవంబరులో టీవీ పక్కన పెట్టుకునే స్టీమ్ మెషీన్‌ను, తలకు పెట్టుకునే వీఆర్ పరికరాన్ని కూడా ప్రకటించారు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను తప్పుపట్టలేను. విడివిడిగా చూస్తే ప్రతిదీ నాకు పనికొచ్చినదే. 2015లో వచ్చిన రిఫండ్ పద్ధతి, అంటే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి, తెలియని డెవలపర్ల ఆటలను ధైర్యంగా కొనే అలవాటు నాకు చేసింది. అన్నిటినీ కలిపి చూసినప్పుడే కలవరం కలుగుతోంది. 2025లో స్టీమ్‌లో ఒకే సమయంలో ఉన్నవారి సంఖ్య 4 కోట్లు దాటింది. ఇంతమంది ఆధారపడిన వ్యవస్థను నడిపేది షేర్ మార్కెట్‌లో లేని, కొన్ని వందల మంది ఉద్యోగులే ఉన్న ఒక ప్రైవేటు సంస్థ.

వాల్వ్ ఇప్పుడు మంచిగా నడుచుకుంటోందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. రేపు యాజమాన్యం మారి నడవడి మారితే, కొన్నవారి చేతిలోను, తయారుచేసినవారి చేతిలోను ఏం మిగులుతుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: చిన్నస్టూడియో

నేను ఒక చిన్న బృందంలో ఆటలు తయారుచేస్తాను కాబట్టి తయారుచేసేవారి వైపు సంగతి చెబుతాను.

దుకాణం అని మాత్రమే అనుకుంటే, అమ్మకాల మీద స్టీమ్ తీసుకునే 30 శాతం కమిషన్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అయితే మేము ఆ డబ్బు కట్టేది అమ్మకపు పేజీ ఒక్కదానికే కాదు. 2008 నుంచి వాల్వ్ ఉచితంగా ఇస్తున్న స్టీమ్‌వర్క్స్ అనే సాధనాల పెట్టె మీద మా ఆట సగం నిలబడి ఉంటుంది. కొత్త బిల్డ్ (ఆట కొత్త కూర్పు) ఎక్కించామంటే ఆటగాళ్లకు మారిన భాగాలే డౌన్‌లోడ్ అవుతాయి. పరీక్షించేవారికి బీటా బ్రాంచ్ పేరుతో వేరే కూర్పు ఇవ్వవచ్చు, అందులో ఏదైనా బెడిసికొడితే నిమిషాల్లో పాత బిల్డ్‌కు తిప్పవచ్చు. ఎన్నో కరెన్సీల్లో చెల్లింపులు తీసుకోవడం, ఆయా దేశాల పన్నులు, రిఫండ్లు చూసుకోవడం కూడా వాళ్ల పనే. ఇవన్నీ మేమే కట్టుకోవాలంటే ఆట తయారుచేయడానికి మనుషులు మిగలరు.

మేము ముడిపడిపోయేది కూడా సరిగ్గా అక్కడే. మా ఆటలో స్నేహితుణ్ని పిలిచే బటన్ స్టీమ్ స్నేహితుల జాబితాను తెరుస్తుంది, కలిసి ఆడేవారు ముందుగా చేరే మల్టీప్లేయర్ లాబీ స్టీమ్ సర్వర్ మీద ఏర్పడుతుంది, ఆటగాళ్లు చేసిన మోడ్‌లు వర్క్‌షాప్‌లో ఉంటాయి. అదే ఆటను మరో దుకాణంలో పెట్టాలంటే ఈ మూడింటికీ వేరే ఏర్పాటు రాయాలి, రాసిన తర్వాత రెండు చోట్ల ఆటగాళ్లూ ఒకరితో ఒకరు ఆడుకునేలా చూడాలి. చిన్న బృందాలు ఆ పనిని వాయిదా వేస్తూ పోతాయి, చివరికి చేయవు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు, ఏ ఒప్పందమూ అడ్డుపడలేదు. అయినా ఆట ఒకే చోట ఉండిపోతుంది.

ఇక కంటికి కనబడటం అనే విషయం ఉంది. నా దృష్టిలో ఇది కమిషన్ కంటే పెద్దది. ఒకప్పుడు స్టీమ్‌లో ఏ ఆట ఉండాలో వాల్వ్ మనుషులే ఎంచేవారు. 2012లో గ్రీన్‌లైట్ పేరుతో ఆటగాళ్ల ఓట్లకు వదిలారు. 2017లో దాన్నీ తీసేసి, ఆటకు 100 డాలర్లు కడితే చాలన్నారు. ఆట 1,000 డాలర్ల ఆదాయం దాటితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. తలుపు అందరికీ తెరిచారు, అది మంచిదే, మాలాంటివారికి బతుకుదెరువు దొరికింది. కానీ 2024 ఒక్క సంవత్సరంలోనే 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. అన్ని ఆటల్లో ఎవరిది ఎవరికి చూపించాలో నిర్ణయించేది ఇప్పుడు స్టీమ్ సాఫ్ట్‌వేర్. లోపలికి రానిచ్చే అధికారం పోయి, రానిచ్చినవారిలో ఎవరిని ముందు నిలబెట్టాలన్న అధికారం వచ్చింది.

దీన్ని దగ్గరగా చూపిస్తాను. ఆట విడుదలకు కనీసం రెండు వారాల ముందు నుంచి ‘త్వరలో వస్తుంది’ అనే పేజీ పెట్టి ఉంచాలన్నది నియమం. ఆచరణలో అందరం నెలల ముందే పెట్టి, ఆటను తమ విష్‌లిస్ట్‌లో (కొనాలనుకునే ఆటల జాబితాలో) చేర్చుకునేవారిని కూడబెడతాం. విడుదల రోజున, ఆటను విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవారికి స్టీమ్ ఈమెయిల్ పంపుతుంది. తర్వాత 20 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గింపు ఇచ్చినప్పుడు మళ్లీ పంపుతుంది. ఆ మనుషులు మా ఆట కోసం ఎదురుచూస్తున్నవారు, అయినా వారిలో ఒక్కరి చిరునామా కూడా మా దగ్గర ఉండదు. మేము రేపు ఇంకో చోటికి వెళితే ‘ఇక్కడ ఉన్నాం’ అని వారికి చెప్పే దారి లేదు.

సమీక్షలదీ అదే తీరు. స్టీమ్ కీలను, అంటే ఆటను స్టీమ్ ఖాతాలో చేర్చే కోడ్‌లను, మేము ఉచితంగా తీసుకుని మా సొంత వెబ్‌సైట్‌లో అమ్ముకోవచ్చు, ఆ అమ్మకం మీద వాల్వ్ ఏమీ తీసుకోదు. ఇది నిజంగా ఉదారమైన ఏర్పాటు. అయితే అలా కీ ద్వారా వచ్చినవారి సమీక్షలు 2016 నుంచి ఆట స్కోరులో కలవవు. ఉచిత కీలు పంచి దొంగ సమీక్షలు రాయించుకోవడాన్ని ఆపడానికి ఆ మార్పు చేశారు, దాని అవసరం నాకు తెలుసు. కానీ పేజీ మీద స్కోరు కనబడాలంటే కనీసం 10 సమీక్షలు ఉండాలి, అవి స్టీమ్‌లో నేరుగా కొన్నవారివే అయి ఉండాలి. అందుకే మాకు మా వెబ్‌సైట్‌లో అమ్ముడైతే డబ్బు ఎక్కువ మిగిలినా, విడుదలైన మొదటి వారంలో అందరినీ స్టీమ్‌లోనే కొనమని మేమే బతిమాలుతాం. సరుకు అమ్మేవాడి చేతిలోనే తూకమూ, సంతకు వచ్చే దారీ ఉన్నట్టు ఇది.

జవాబు: పాతడిస్కు

కొనేవారి వైపు నుంచి నేను చెబుతాను. ముందుగా ఒక్క మాట: మీ లైబ్రరీలో ఉన్నవి మీ ఆటలు కావు, ఆడుకోవడానికి ఇచ్చిన లైసెన్స్‌లు. ఇది ఎప్పటినుంచో ఒప్పందంలో ఉంది, కాకపోతే 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే పేజీలోనే ఆ సంగతి కనబడేలా స్టీమ్ రాస్తోంది. కొంటున్నది లైసెన్సే అయితే ఆ విషయం కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది, అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం అమ్మకం తీరును మార్చలేదు, నిజాన్ని కనబడే చోట పెట్టించింది.

ఖాతాను మరొకరికి అమ్మడం, వీలునామాలో రాసి వారసులకు ఇవ్వడం కుదరదు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం ఈ విషయాన్ని కోర్టుకు తీసుకెళ్లింది. స్టీమ్‌లో కొన్న ఆటను తిరిగి అమ్ముకునే హక్కు ఉండాలని 2019లో పారిస్ కోర్టు తీర్పు ఇచ్చింది. 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. డిస్కుల కాలంలో ఎవరూ ఆలోచించకుండానే చేసిన పని, ఆడేసిన ఆటను ఇంకొకరికి ఇవ్వడం, డిజిటల్ లైబ్రరీలో లేదు. స్టీమ్ ఫ్యామిలీస్ పేరుతో 2024లో వచ్చిన ఏర్పాటు ఒకే ఇంటివారు ఆటలు పంచుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది, కానీ అది వాల్వ్ ఇచ్చిన సౌకర్యం. ఇచ్చినవారు నియమాలు మార్చగలరు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మరొకటి. ఆట, దాన్ని నడిపే క్లయింట్ (మన కంప్యూటర్‌లో పెట్టుకునే స్టీమ్ సాఫ్ట్‌వేర్) అనే రెండు వేర్వేరు వస్తువుల ఆయుష్షు ఇప్పుడు ముడిపడిపోయింది. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ క్లయింట్‌కు విండోస్ 7, 8 మీద మద్దతు ఆగిపోయింది. క్లయింట్ లోపల వాడే క్రోమియం బ్రౌజర్ భాగం ఆ పాత వ్యవస్థల మీద నడవకపోవడం ప్రధాన కారణం. సాంకేతికంగా అది సమంజసమే. కానీ 2009లో విండోస్ 7 కోసం తయారైన ఆటను అదే విండోస్ 7 కంప్యూటర్ మీద ఆడుకుంటున్నవారి సంగతి ఆలోచించండి. ఆట మారలేదు, కంప్యూటర్ మారలేదు, మధ్యలో ఉన్న దుకాణం మారింది.

చట్టం వల్ల ఏమీ జరగదని నేను అనడం లేదు. రిఫండ్ల విషయంలో వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు ఆస్ట్రేలియా కోర్టు 2016లో వాల్వ్‌కు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఐరోపాలో ఒక దేశంలో కొన్న కీ మరో దేశంలో పనిచేయకుండా అడ్డుకట్ట వేసినందుకు 2021లో వాల్వ్‌కూ, ఐదు పబ్లిషర్ సంస్థలకూ కలిపి యూరోపియన్ కమిషన్ 78 లక్షల యూరోల జరిమానా విధించింది. కాబట్టి ‘రేపు నడవడి మారితే’ అన్న మీ ప్రశ్నకు ఒక సమాధానం, ఆ రోజు రాకముందే చట్టంలో ఏముందన్నది. ప్రస్తుతానికి డిజిటల్ కొనుగోలుదారుకు అందులో ఉన్నది కొంచెమే.

జవాబు: పెంగ్విన్‌పక్షం

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఈ విస్తరణ మొత్తాన్నీ ఒకే గాటన కట్టకూడదు. నేను విండోస్ కాకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే వాడతాను, కాబట్టి నా అనుభవం వేరు.

2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ తన సొంత యాప్ దుకాణం తెచ్చినప్పుడు వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ దాన్ని బహిరంగంగా తీవ్రంగా విమర్శించారు. ఆపరేటింగ్ సిస్టమ్ యజమానే దుకాణం తెరిస్తే, దాని మీద నిలబడిన మిగతా దుకాణాల గతి ఏమిటన్నది అప్పటి భయం. 2013లో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. 2015లో వచ్చిన మొదటి స్టీమ్ మెషీన్లు నిలబడలేదు, ఎందుకంటే లినక్స్ కోసం తయారైన ఆటలు కొద్దిగానే ఉండేవి. వాల్వ్ అక్కడితో వదలకుండా 2018లో ప్రోటాన్‌ను విడుదల చేసింది. విండోస్ ఆట అడిగే పిలుపులను లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చే ఈ పొర వైన్ అనే పాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద కట్టినది. డెవలపర్ ఒక్క వరుస కోడ్ మార్చకుండానే వేలాది ఆటలు లినక్స్ మీద నడవడం మొదలైంది. స్టీమ్ డెక్ సాధ్యమైంది దీనివల్లే.

ప్రోటాన్ మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది. హీరోయిక్ అనే లాంచర్‌తో (ఆటలను దించుకుని తెరిచే సాఫ్ట్‌వేర్‌తో) ఎపిక్, గాగ్ దుకాణాల్లో కొన్న ఆటలను నేను ఇదే ప్రోటాన్ మీద ఆడుతున్నాను. వాల్వ్ రేపు మూతపడినా ఈ పని పోదు, ఎవరైనా ముందుకు తీసుకెళ్లవచ్చు. డెక్ కూడా తాళం వేసిన పెట్టె కాదు. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళితే అది మామూలు కంప్యూటరే, ఇష్టమైతే అందులోని స్టీమ్‌ఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి వేరేది పెట్టుకోవచ్చు, విడిభాగాలు కూడా అమ్ముతున్నారు. అందువల్ల ఏ పని ‘బయటికి తీసుకెళ్లగలిగినది’, ఏది ‘లోపలే ఉండిపోయేది’ అని విడదీసి చూడమని నా మనవి. ప్రోటాన్ మొదటిది. స్నేహితుల జాబితా, విష్‌లిస్ట్, వర్క్‌షాప్, ఆటలు ఆడితే వచ్చే సేకరణ కార్డులు, మార్కెట్ వస్తువులు రెండోవి. నీలిమేఘం గారూ, మీరు డెక్ కొనడానికి సందేహించనవసరం లేదు. ఆలోచించాల్సింది రెండో రకం గురించి. ఒక్క హెచ్చరిక: కొన్ని ఆన్‌లైన్ ఆటల్లో మోసాలను పట్టే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను ఒప్పుకోదు, ఉదాహరణకు ఎపెక్స్ లెజెండ్స్ 2024లో లినక్స్ ఆటగాళ్లను ఆపేసింది. మీరు ఆడేవి చూసుకోండి.

నీలిమేఘం

ముగ్గురికీ కృతజ్ఞతలు. పెంగ్విన్‌పక్షం గారు చేసిన విభజనతో నా ఆలోచన చాలా తేటపడింది. ఇంకొక్క సందేహం. పోటీ దుకాణాలు ఉన్నాయి కదా, వాటి కమిషన్ కూడా తక్కువే. అయినా ధరలు అక్కడ తక్కువగా ఎందుకు కనబడవు? పోటీ ఉన్నా ఇక్కడి పరిస్థితి ఎందుకు కదలడం లేదు?

జవాబు: చిన్నస్టూడియో

పోటీ వల్ల ఏమీ కదలలేదనడం సరికాదు, కదిలింది, కానీ మా వైపు కదలలేదు. ఎపిక్ దుకాణం 2018 డిసెంబరులో 12 శాతం కమిషన్‌తో తెరుచుకుంది. దానికి కొద్ది రోజుల ముందే వాల్వ్ కొత్త లెక్క ప్రకటించింది: ఆట ఆదాయం 1 కోటి డాలర్లు దాటితే పైదాని మీద 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతం. అంటే వెళ్లిపోగల పెద్ద సంస్థలకు తగ్గింపు, వెళ్లలేని మాకు అదే 30 శాతం. 2021లో మైక్రోసాఫ్ట్ కూడా పీసీ ఆటలకు 12 శాతానికి దిగింది, 2025లో ఎపిక్ ఒక్కో ఆటకు ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల మీద అసలు ఏమీ తీసుకోమంది. స్టీమ్ 30 శాతం మాత్రం అలాగే ఉంది.

పెద్ద సంస్థలకు కూడా వెళ్లడం తేలిక కాలేదు. ఈఏ అనే పెద్ద ఆటల సంస్థ 2011లో సొంత దుకాణం పెట్టుకుని కొత్త ఆటలను స్టీమ్ నుంచి తప్పించింది, 2019లో తిరిగి వచ్చింది. యుబిసాఫ్ట్ 2019 నుంచి కొన్నేళ్లు దూరంగా ఉండి 2022 చివర్లో తిరిగి వచ్చింది. ఆటగాళ్లు ఆట కోసం లాంచర్ మార్చుకుంటారని వారు లెక్కవేశారు. నేను చూసినంతలో, ఆటగాళ్లు తమ లైబ్రరీ, స్నేహితులు ఉన్న చోటికి ఆట రావాలని ఎదురుచూస్తారు.

ధరల విషయానికి వస్తే, స్టీమ్ కీలను బయట అమ్మేటప్పుడు స్టీమ్ కొనుగోలుదారులకు అన్యాయం జరిగేలా తక్కువకు అమ్మకూడదన్న నియమం బహిరంగంగానే ఉంది. వారి కీ, వారి సర్వర్ కాబట్టి అది నాకు న్యాయంగానే తోస్తుంది. స్టీమ్‌తో ఏ సంబంధమూ లేని దుకాణాల్లోని ధరల మీద కూడా వాల్వ్ ఒత్తిడి తెస్తోందన్నది అసలు ఆరోపణ. వుల్ఫైర్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2021లో అమెరికాలోని సియాటిల్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది, వాల్వ్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. 2024 నవంబరులో కోర్టు ఆ కేసును డెవలపర్లందరి తరఫున సామూహిక దావాగా నడవడానికి అనుమతించింది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ తక్కువ కమిషన్ ఉన్న చోట తక్కువ ధర పెట్టడానికి డెవలపర్ భయపడితే, ఆ తక్కువ కమిషన్ ఆటగాడికి ఎన్నటికీ కనబడదు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా అభిప్రాయం.

జవాబు: రెండోకన్ను

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని ఒక కోణం ఉంది. ఇంత పెద్ద దుకాణం కూడా సర్వస్వతంత్రం కాదు. 2025 జులైలో కార్డు చెల్లింపుల సంస్థల నియమాలకు విరుద్ధంగా ఉన్నాయన్న కారణంతో స్టీమ్ పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన కొన్ని ఆటలను తొలగించింది, తన నిబంధనల్లో ఆ మేరకు కొత్త అంశం చేర్చింది. ఆ ఆటలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. అమ్మకాలన్నీ ఒకే చోట పోగైతే, ఆ ఒక్క చోటు మీద ఒత్తిడి తెస్తే సరిపోతుంది, తయారుచేసినవారితో గానీ ఆడేవారితో గానీ మాట్లాడనక్కరలేదు. వాల్వ్ ఎంత మంచి సంస్థ అయినా ఈ బలహీనత తీరదు.

జవాబు: పాతడిస్కు

నీలిమేఘం గారూ, ఆచరణలో ఏం చేయవచ్చో కూడా చెప్పి ముగిస్తాను. స్టీమ్ లేకుండా నడవనివ్వని తాళం స్టీమ్‌లో ఉన్న ప్రతి ఆటకూ ఉండదు. వాల్వ్ ఇచ్చే రక్షణ పొర వాడాలా వద్దా అన్నది డెవలపర్ ఇష్టం, చాలామంది చిన్న డెవలపర్లు వాడరు. స్టీమ్‌ను పూర్తిగా మూసేసి, ఇంటర్నెట్ ఆపి, స్టీమ్‌యాప్స్ ఫోల్డర్ లోపల కామన్ అనే ఫోల్డర్‌కు వెళ్లి ఆట ఫైల్‌ను నేరుగా నొక్కి చూడండి. క్లయింట్ తెరుచుకోకుండా ఆట మొదలైతే, ఆ ఫోల్డర్‌ను వేరే డిస్కుకు కాపీ చేసి ఉంచుకుంటే చాలు. స్టీమ్‌లో ఉన్న బ్యాకప్ సౌకర్యాన్ని మాత్రం ఇందుకు నమ్ముకోకండి. అలా దాచినదాన్ని తిరిగి పెట్టుకోవడానికి మళ్లీ స్టీమే కావాలి.

సేవ్ ఫైళ్లు ఆటను బట్టి వేరే చోట ఉంటాయి, వాటినీ విడిగా కాపీ చేయాలి. మళ్లీ మళ్లీ ఆడతానని మీకు తెలిసిన ఆటలు ఏవైనా గాగ్‌లో దొరికితే అక్కడ కొనండి, ఇన్‌స్టాలర్ ఫైల్‌ను దించుకుని మీ దగ్గరే పెట్టుకోవచ్చు. మల్టీప్లేయర్ ఆటలకు మాత్రం ఇవేవీ పనిచేయవు. 2024 మార్చిలో యుబిసాఫ్ట్ ‘ది క్రూ’ అనే ఆట సర్వర్లు ఆపేసినప్పుడు, ఒంటరిగా ఆడుకునేవారికి కూడా ఆ ఆట లేకుండా పోయింది. అది దుకాణం చేతిలో ఉన్న విషయం కాదు. సర్వర్లు ఆపేటప్పుడు ఆటను ఏదో ఒక రూపంలో ఆడదగినట్టు వదలాలని కోరుతూ ఐరోపాలో సాగిన సంతకాల సేకరణకు 2025లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. నా ఆశ ప్రస్తుతం అలాంటి ప్రయత్నాల మీదే ఉంది.